అల్లుడుగారి ఎడమ చెప్పు

రొయ్య మా ఇంటికి వచ్చిన పూటే మావారి చెప్పుల్లో ఎడమది మాయమైంది. అప్పటికి మాకు పెళ్ళై నెల కూడా కాలేదు కాబట్టి చెప్పు వెతకడం కూడా సరదాగానే ఉంది. మంచం కింద ఇద్దరం ఒకేసారి దూరి తలలు గుద్దుకున్నాం. ఒక్కసారే గుద్దుకుంటే కొమ్ములొస్తాయని మళ్ళీ గుద్దుకున్నాం. ఎందుకైనా మంచిదని ఇంకోసారి కూడా గుద్దుకున్నాం. చెప్పు మాత్రం రొయ్య కిందే ఉంది. దాని మీద ముడుచుకుని పడుకుని, నిద్ర నటిస్తూ, ఒక కన్ను సగం తెరిచి మమ్మల్ని చూస్తోంది.

రొయ్య అంటే మా కుక్క. పడుకుంటే తోకా మూతీ కలిసిపోయేలా వంకర తిరుగుతుంది. రంగు కూడా ఉడికించిన రొయ్య రంగే. అంచేత మావారు ఆ పేరు పెట్టారు.

అది మాకు దొరికింది కొల్లేరు చూడ్డానికి బండి మీద వెళ్ళిన రోజున. గట్టు వెంబడి పోతుంటే లీజు అయిపోయి ఖాళీ చేసిన చేపల చెరువొకటి కనిపించింది. చెరువు చేసినవాళ్ళు వలలూ మోటార్లూ పట్టుకెళ్ళారు, ఆఖరికి షెడ్డు మీద రేకులు కూడా విప్పుకెళ్ళారు. కాపలా కుక్కని మాత్రం గుంజకి గొలుసుతో కట్టింది కట్టినట్టే వదిలేసి పోయారు. అది చెరువు నీళ్ళు తాగి, చిరిగిన మేత బస్తా అడుగున మిగిలిన గుళికలు తిని బతికింది. గొలుసు ఒరిసి మెడ చుట్టూ పుండు. నేను ఏడుస్తూ నిలబడ్డాను. మావారు గొలుసు విప్పబోతే తుప్పు పట్టి రాలేదు. ఆయన కాసేపు ఆలోచించి గుంజనే పీకేశారు. పట్టుచీరలో నేను, మధ్యలో కుక్క, కుక్క మెడకి గొలుసు, గొలుసుకి గుంజ, ఇదంతా ఒక్క బండి మీద ఏలూరు చేరింది. దారిలో మమ్మల్ని చూసి నవ్వనివాళ్ళు లేరు.

ఇలాంటి వాటికి ఏలూరులో దిక్కు నజ్నీన్. కాలేజీలో మాది ఒకటే బెంచీ. వాళ్ళ నాన్న హఫీజ్ గారిది తివాచీల పని. నజ్నీన్ ఆ వ్యాపారం చూసుకుంటూ, మిగిలిన టైమంతా దిక్కులేని కుక్కలకి ఇళ్ళు వెతకడంలో గడుపుతుంది. తివాచీలున్న ఇంట్లో కుక్కని ఉంచితే ఏమవుతుందో ఇంతకు ముందే ఒకసారి తెలిసింది కాబట్టి, ఇల్లు దొరికేదాకా వాటిని స్నేహితుల దగ్గర పెడుతుంది. రొయ్యకి పుండు మాన్పించింది, ఆపరేషన్ చేయించింది, తెచ్చి మా పై వాటాలో దింపింది. చెప్పుల సంగతి చెబితే నవ్వలేదు. దాన్ని వదిలేసి పోయినవాళ్ళందరూ దాని కళ్ళ ముందే చెప్పులేసుకుని పోయుంటారని, ఒక చెప్పు దాచేస్తే మనిషి ఆగిపోతాడని దాని నమ్మకమై ఉంటుందని అంది. ఆ మాట విన్నాక మావారు ఆఫీసుకి ఆలస్యమైనా రొయ్యని ఏమీ అనలేకపోయారు. కాసేపు దాని పక్కన కూర్చుని, అది మనసు మార్చుకుని చెప్పు వదిలాకే బ్యాంకుకి వెళ్ళేవారు.

ఇంతలో ఆషాఢం వచ్చింది.

కొత్తకోడలూ అత్తగారూ ఆ నెలంతా ఒకే గడప దాటకూడదు. అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. కాబట్టి పెళ్ళికూతురు పుట్టింటికి పోవాలి. మావారు బ్యాంకు మనిషి కదా, రూల్సులో సందు చూశారు. మేముండేది ఏలూరు, మా అత్తగారు ఉండేది తాడేపల్లిగూడెం, గడపలు వేరు కాబట్టి మాకు ఆషాఢం వర్తించదని వాదించారు. మా అత్తగారు అంతా ఓపిగ్గా విన్నారు. మర్నాడు పొద్దున్నే అబ్బాయికి వంటకి ఇబ్బందని సంచీ సర్దుకుని ఏలూరు వచ్చేశారు. ఆవిడ లోపలికి రాగానే ఆషాఢం వర్తించింది. నేను కలిదిండి బయల్దేరాను.

రొయ్యనీ నాతోనే తీసుకెళ్ళాను. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు గారు, శ్రావణంలో అమ్మాయి తిరిగొచ్చేటప్పుడు కుక్క రాకూడదని మర్యాదగానే చెప్పారు. కలిదిండిలో మా నాన్నగారు బాపిరాజు గారివీ చేపల చెరువులే. ఇంటి దగ్గర అప్పటికే రెండు కుక్కలున్నాయి. రొయ్య పెరట్లో అడుగు పెడితే చాలు, రెండూ కలిసి మీద పడతాయి. అది వరండాలో నా మంచం కింద తప్ప ఎక్కడా ఉండలేకపోయింది. ఇక పక్క చెరువు చేసే తాతాజీ గారు రోజూ పాలు పోయించుకోవడానికి వచ్చి, రొయ్యని తేరిపార చూసి, మోటారు షెడ్డు దగ్గర కట్టేస్తే రాత్రిళ్ళు వైరు దొంగలు రారని మా అమ్మతో అనేవారు. ఆయన చెడ్డ మనిషి కాదు. మా చెరువుల మీద కుక్కంటే గొలుసు చివర ఉండేదే. మా అమ్మ ప్రభావతికీ అందులో తప్పేమీ కనపడలేదు.

"శ్రావణం వచ్చేలోపు నువ్వు ఇల్లు చూస్తే సరే, లేపోతే తాతాజీ గారికిచ్చేద్దాం. తిండికి లోటుండదు దానికి," అంది.

ఆ రోజు నుంచి నజ్నీన్‌కీ నాకూ ఫోనే ఫోను. ఆడకుక్కా అని ఒకరు, ఊరకుక్కా అని ఒకరు, ఫొటోలో చెవి వాలిపోయిందేమిటని ఒకరు. ఎవరైనా సరేనంటే అప్పుడు నజ్నీన్ షరతు మొదలయ్యేది. ఇల్లు చూడందే పిల్లనివ్వదు. పైగా ఒక్కరు చూస్తే చాలదు. ఇద్దరు వెళ్ళాలి. ఒకరు ముచ్చటపడిపోయినా రెండోవాళ్ళు లోపం పట్టాలని ఆమె లెక్క. మొదటి సంబంధం తాడేపల్లిగూడెంలో తగిలింది. నాతో రమ్మని నజ్నీన్‌ని పిలిస్తే, తివాచీల ఆర్డరుందని చెప్పి ఒక్క మాట అంది.

"నీ మొగుడున్నాడు కదే భవానీ, అతన్ని రమ్మను. గూడెం ఏమీ మీ అమ్మ గడప కాదుగా."

నేను ఫోను పెట్టేసి వరండాలో ఒక్కదాన్నే గంతులేశాను. రొయ్య కూడా వేసింది, ఎందుకో తెలియకపోయినా. అమ్మతో మాత్రం నజ్నీన్‌తో వెళ్తున్నానని చెప్పి, నాన్నగారి పాత కారు తీసుకుని, వెనక సీట్లో రొయ్యని ఎక్కించుకుని బయల్దేరాను. కొల్లేరు రోడ్డు మీద వాన పడి వెలిసింది. గుర్రపుడెక్క ఆకుల మీద నీళ్ళు మెరుస్తున్నాయి. కిటికీలోంచి తల బయట పెట్టి రొయ్య గాలి తింటోంది. తాడేపల్లిగూడెం స్టేషను బయట మావారు నిలబడి ఉన్నారు. పెళ్ళిలో మా నాన్నగారు పెట్టిన చెప్పులు, వంకాయరంగు చొక్కా. ఆ చొక్కా నాకిష్టమని ఎప్పుడో ఒకసారి అన్నాను.

ఉల్లిపాయల వ్యాపారి నాగేశ్వరరావు గారి ఇల్లు చూడ్డానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన రొయ్యని గోడౌన్‌లోకి తీసుకెళ్ళి అరవమన్నారు. రొయ్య అరవలేదు, ఆ ఘాటుకి వరసగా తుమ్మింది. దొంగొస్తే తుమ్ముతుందా అండీ అని ఆయన అడిగారు. మేమిద్దరం కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే, ఆయనకి ఏమనిపించిందో కాని, ఇంత బాధపడుతున్నారు, కుక్కని మీరే ఉంచుకోండన్నారు. ఉల్లిపాయల వల్లనండీ అని చెప్పినా నమ్మలేదు. గుమ్మంలో చూస్తే రొయ్య మా ఇద్దరి చెప్పుల్లో ఒక్కోటి చొప్పున తెచ్చుకుని వాటి మీద కూర్చుని ఉంది. ఆ తర్వాత రైల్వే గేటు దగ్గర బండి మీద వేడి పునుగులు తిన్నాం. అల్లప్పచ్చడి మావారి చొక్కా మీద పడింది. నాకు పెళ్ళినాడు కూడా అంత సంతోషం కలగలేదు. పెళ్ళిలో మరీ జనం.

రెండో సంబంధం గుండుగొలను. చిక్కంతా అక్కడే వచ్చింది, ఎందుకంటే ఆ ఇంట్లో లోపమే లేదు.

సాల్మన్ గారు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన భార్య మెర్సీ గారు నర్సుగా చేశారు. వాళ్ళ ముసలి కుక్క వేసవిలో పోయింది. దాని నీళ్ళ గిన్నె ఇంకా అరుగు మీదే బోర్లించి ఉంది. సాల్మన్ గారికి షుగరు, రోజూ నడవాలి. కుక్క లేకుండా ఊరికే నడిస్తే జనం మతి పోయిందనుకుంటారని ఆయన నడవడం మానేశారు. మెర్సీ గారు రొయ్య మెడ మీది మచ్చ చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్ళి కొబ్బరినూనె తెచ్చారు. గొలుసు మాటే లేదు. పెరట్లో జామచెట్టు, చెట్టు కింద చల్లటి మట్టి. రొయ్య ఆ మట్టిలో గొయ్యి తవ్వుకుని పడుకుంది.

నేను మావారి వంక చూశాను. ఆయన నా వంక చూశారు. ఇక్కడ సరేనంటే ఇక ఇళ్ళు చూడ్డం ఉండదు. ఆషాఢం ఇంకా సగం కూడా కాలేదు.

"ప్రహరీ కొంచెం తక్కువగా ఉందేమోనండీ," అన్నారు మావారు.

సాల్మన్ గారు వెంటనే ఒప్పుకుని, ఆదివారానికి ఇంకో వరస ఇటుక పేర్పించారు. మేం మళ్ళీ వెళ్ళి చూశాం. గోడ బావుంది. గేటు కింద సందుందని నేను పట్టుకున్నాను. ఆయన ఆ సందుకి రేకు కొట్టించారు. అదీ చూడాలి కదా, మళ్ళీ వెళ్ళాం. ఈసారి మెర్సీ గారు మాకు టీతో పాటు జంతికలు పెట్టారు. సాల్మన్ గారు గోడనీ గేటునీ చూపించి, కొత్త నీళ్ళ గిన్నె చూపించి, ఇంక చూపించడానికేమీ లేక కుర్చీలో కూర్చున్నారు.

"మా అమ్మాయి సంబంధానిక్కూడా వాళ్ళు రెండుసార్లే వచ్చారండీ. మూడోసారి ఏకంగా పెళ్ళికే," అన్నారు.

మెర్సీ గారు మాత్రం నా మెడలో పచ్చటి పసుపుతాడు చూసి, మావారి మొహం చూసి, జంతికల పళ్ళెం మా ఇద్దరి మధ్యకి జరిపారు. ఆవిడకి ఏదో అర్థమైంది. మేం ఆదివారం ఫోను చేస్తామని లేచాం. గుమ్మంలో మావారి ఎడమ చెప్పు లేదు. రొయ్య కింద లేదు, జామచెట్టు కింద లేదు, కొత్త గోడ అవతలా లేదు. చివరికి ఆయన సాల్మన్ గారి రబ్బరు చెప్పొకటి ఎడమ కాలికి తగిలించుకుని, కుడి కాలికి తనది వేసుకుని ఏలూరు బస్సెక్కారు. ఎవరూ చూడరులే అనుకున్నారట. మా అత్తగారు గుమ్మంలోనే చూశారు.

మా ఇంట్లో అది బయటపడ్డది మర్నాడు. అమ్మ నన్ను హాల్లో కూర్చోబెట్టి రెండు చేతులకీ గోరింటాకు పెట్టింది. వేళ్ళకి టోపీలు, అరచేతిలో చందమామ, కదలకూడదని ఆజ్ఞ. నాన్నగారు పేపరు చదువుతున్నారు. ఇంతలో రొయ్య, రాత్రంతా కారు సీటు కింద దాచుకున్నదేదో నోట కరుచుకుని వీధిగుమ్మంలోంచి వచ్చింది. వస్తూ వస్తూ గడప మీద ఒక్క క్షణం ఆగింది కూడా. తర్వాత నెమ్మదిగా నడిచి వచ్చి, అమ్మ ముందు చెప్పు పెట్టింది.

నా చేతులు రెండూ గోరింటాకు ముద్దలు. కాలితో చెప్పుని చీర కుచ్చిళ్ళ కిందికి లాగబోయాను. రొయ్య ఆటనుకుని మళ్ళీ బయటికి లాగింది.

ఆ చెప్పులు నాన్నగారే భీమవరంలో కొట్టు కొట్టూ తిరిగి కొన్నారు. తెల్లదారం కుట్టు, పెద్ద సైజు. మా వైపు ఆ సైజు కాళ్ళు ఇంకెవరికీ లేవు.

"అల్లుడుగారి చెప్పు," అంది అమ్మ. "ఆషాఢంలో. నా గడప దాటి."

నాన్నగారు పేపరు దించి చెప్పుని చూశారు. చెప్పొచ్చింది కాని అల్లుడుగారు రాలేదు కదా అని తీర్పు చెప్పబోయారు. అమ్మ ఒప్పుకోలేదు. పూర్వం పాదుకలు పెట్టుకుని రాజ్యాలే ఏలారని, పాదుకలొస్తే మనిషొచ్చినట్టేనని అంది. ఎడమదొక్కటే వచ్చింది కాబట్టి సగం దోషమేనని నాన్నగారు బేరమాడారు. ఈ వాదన మధ్యలో నిజం ఎక్కడికీ పోదు కాబట్టి నేను చెప్పేశాను. నజ్నీన్‌తో కాదని, ఆయనతోనే వెళ్ళానని.

అమ్మకి నిజంగానే కోపం వచ్చింది. ఇక ఇళ్ళు చూడ్డాలూ లేవు, కారూ లేదు, కుక్కని ఇవాళే పంపించేస్తానంది. సరిగ్గా ఆ టైముకే తాతాజీ గారు పాలకోసం వచ్చారు. ఆయన చేతిలో పాల క్యాను, భుజాన గొలుసు.

"కొత్తదే కొన్నానండీ అమ్మగారూ," అని మురిసిపోతూ భుజం మీంచి తీశారు.

గొలుసు గలగలమంది. అంతే, అప్పటిదాకా తోకాడిస్తున్న రొయ్య నేలకి అతుక్కుపోయింది. పొట్ట మీద పాకుతూ వచ్చి చెప్పు నోట కరుచుకుంది. నా దగ్గరికి వస్తుందనుకున్నాను. రాలేదు. అమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ చెప్పుని అమ్మ పాదాల మీద పెట్టి, దాని మీద గడ్డం ఆనించి వణుకుతూ పడుకుంది. గోరింటాకు చేతులతో నేను దాన్ని తాకలేను. నా కళ్ళ నీళ్ళు నేను తుడుచుకోలేను కూడా.

అమ్మ కాళ్ళు కదపలేదు. చాలాసేపు రొయ్య మెడ మీది మచ్చనే చూసింది.

"ఆ గుండుగొలను వాళ్ళు మంచివాళ్ళేనా?" అంది.

చాలా మంచివాళ్ళమ్మా అన్నాను. మంచివాళ్ళైతే మొదటి రోజే ఎందుకివ్వలేదంది. గోడ పొట్టిగా ఉందని చెప్పాను. రెండోసారో అంది. గేటు కింద సందన్నాను. మూడోసారో అంది. నేను అరచేతిలో చందమామ వంక చూసుకున్నాను. అమ్మ పెదాలు బిగించింది. నవ్వొస్తే అలాగే బిగిస్తుంది. తర్వాత నాన్నగారి వైపు తిరిగింది.

"ఏవండీ, మన పెళ్ళైన ఆషాఢంలో మీరు మా పక్కింటికి గేదె బేరానికొచ్చారు, గుర్తుందా?"

నాన్నగారు పేపరు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"ముదినేపల్లిలో మా పక్కింటాయనకి గేదే లేదమ్మా. ప్రతి ఆదివారం వచ్చి, లేని గేదె పళ్ళు చూసి, మా గోడ పక్కన నిలబడి వెళ్ళేవారు మీ నాన్న," అని నాతో చెప్పి, తాతాజీ గారి వైపు తిరిగి, గొలుసు లోపల పెట్టుకోమని, కుక్కకి సంబంధం కుదిరిపోయిందని చెప్పింది. తాతాజీ గారు ఏమీ అర్థం కాక, పాలు కూడా మర్చిపోయి వెళ్ళారు.

ఆదివారం నాన్నగారే కారు నడిపారు. ముందు సీట్లో ఆయన పక్కన పేపరులో చుట్టిన అల్లుడుగారి చెప్పు, వెనక నేనూ రొయ్యా. నా అరచేతులు ఎర్రగా పండాయి. మావారు బాగా చూసుకుంటారని దానర్థం అట. గుండుగొలను చేరేసరికి మావారు సాల్మన్ గారి రబ్బరు చెప్పు తిరిగిచ్చేసి అక్కడే ఉన్నారు. మామగారిని చూసి ఆయన లేచి నిలబడి, కాళ్ళకి ఆఫీసు బూట్లున్నాయని గుర్తొచ్చి సిగ్గుపడ్డారు. నాన్నగారు పొట్లం ఆయన చేతిలో పెట్టి, ఇది మా ఇంట్లో మర్చిపోయారండీ అన్నారు, ఈ ఆషాఢంలో ఆయన అడుగే పెట్టని ఇంట్లో.

ఈసారి పెద్దవాళ్ళు కూడా వచ్చారు కాబట్టి ముహూర్తమే అయ్యుంటుందని సాల్మన్ గారు అన్నారు. నాన్నగారు గోడని తట్టి చూశారు, వంగి గేటు కింద చూశారు, ముదినేపల్లి గోడ కంటే బావుందని మెచ్చుకున్నారు. నజ్నీన్‌కి ఫోను చేసి ఇద్దరం సరేనన్నాం. ఇన్నాళ్ళకా అని అటునుంచి అరిచింది. మెర్సీ గారు రొయ్య మెడకి మెత్తటి గుడ్డ పట్టీ కట్టారు, గొలుసు తగిలించే కొక్కెం లేనిది.

ఇక బయల్దేరాలి. రొయ్య చెప్పులు ఎక్కడో దాచి ఉంటుంది, దొరక్కపోతే బావుండు, అనుకుంటూ గుమ్మంలోకొచ్చాను. నా చెప్పులు రెండూ ఉన్నాయి. మావారి బూట్లు రెండూ ఉన్నాయి. నాన్నగారివి, మెర్సీ గారివి, అన్నీ జతలుగా ఉన్నాయి.

"నాదొకటి కనపడ్డం లేదే," అన్నారు సాల్మన్ గారు.

జామచెట్టు కింద గొయ్యిలో రొయ్య వంకర తిరిగి పడుకుని ఉంది. దాని పొట్ట కింది నుంచి నీలం రబ్బరు పట్టీ కొస కనిపిస్తోంది. ఒక కన్ను సగం తెరిచి మమ్మల్ని చూసింది. లేచి రాలేదు. మమ్మల్ని వెళ్ళనిచ్చింది.

చెప్పుల గురించి నజ్నీన్ అన్న మాట సాల్మన్ గారికి నేను చెప్పాను. ఆయన విని, చెప్పు తీసుకోలేదు. ఒంటి చెప్పుతోనే గేటు దాకా కుంటుతూ వచ్చి మమ్మల్ని సాగనంపారు. నేను వెక్కి వెక్కి ఏడిచాను. నవ్వాను కూడా, రెండూ ఒకేసారి వచ్చేసరికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. మావారు వీపు నిమిరారు, మామగారు చూస్తున్నారని చెయ్యి తీసేశారు.

నాన్నగారు కారు తలుపు తెరిచి, మళ్ళీ మూసేశారు. ఆకాశం చూశారు. చెయ్యి అడ్డం పెట్టి దగ్గారు.

"అమ్మలూ, ఈ ఊళ్ళో ఓ గేదె ఉందన్నారు. చూసొస్తాను. గంటా గంటన్నర పట్టుద్ది," అన్నారు.

ఏ గేదండీ, ఎవరింట్లోనండీ, నాకు తెలియని గేదె ఈ ఊళ్ళో లేదే అని సాల్మన్ గారు నిజాయితీగా అడగబోయారు. మెర్సీ గారు ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, మా ఇద్దరికీ అరుగు మీద చాప వేశారు.